“నీ పేరేమి?”: ఉద్యోగం పోయిన ఒక విశ్వాసితో పది నెలలు

మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు అతని మెడలో ఆఫీసు ట్యాగు వేలాడుతోంది. నీలం పట్టీ, చివర ప్లాస్టిక్ కవరు. కుర్చీలో కూర్చుంటుంటే ఆ కవరు ఇటు తిరిగింది. ఐడీ కార్డు ఉండాల్సిన చోట మెట్రో కార్డు ఉంది. అసలు కార్డును కంపెనీ అయిదు నెలల కిందటే తీసేసుకుంది. ఆ అయిదు నెలలూ అతను రోజూ పొద్దున ఎనిమిదింటికి లంచ్ బాక్సు, ల్యాప్‌టాప్ బ్యాగు పట్టుకుని ఉప్పల్‌లో మెట్రో ఎక్కాడు, రాయదుర్గంలో దిగాడు, రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరాడు. మధ్యలో ఎక్కడ ఉన్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆవరణలోని చిన్న గదిలో పదిహేడేళ్ళుగా క్రైస్తవ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసును పాస్టర్ల కోసం, సంఘ పెద్దల కోసం, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఇందులో మొదట నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు దిద్దుకునే క్రమంలోనే ‘క్రీస్తులో కొత్త గుర్తింపు’ అని మనం ఆదివారం ఆదివారం పలికే మాటకు అర్థం నాకు కాస్త తెలిసింది. భార్యాభర్తలిద్దరి అనుమతి తీసుకున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇది పేర్ల చుట్టూ తిరిగే కేసు, అయినా ఏ పేరూ రాయను. గదిలో పిలిచినట్టే అతన్ని తమ్ముడనీ, ఆమెను చెల్లెమ్మ అనీ రాస్తాను.

వచ్చేనాటికి పరిస్థితి

తమ్ముడికి 36 ఏళ్ళు. మెదక్ దగ్గరి పల్లె నుంచి డిగ్రీ అయ్యాక వచ్చి, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. ఉప్పల్‌లో అద్దె ఇల్లు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రాజెక్టు మూసేస్తున్నామని చెప్పి టీమ్ మొత్తాన్ని పంపించేశారు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. శనివారం, ఆదివారం గడిచాయి. సోమవారం పొద్దున చెల్లెమ్మ అలవాటుగా బాక్సు కట్టి చేతికిచ్చింది. “ఆ బాక్సు వద్దని ఎట్లా చెప్పాలో తెలియలేదన్నా” అన్నాడు. తీసుకుని బయల్దేరాడు. అలా మొదలైంది.

కొన్నాళ్ళు దుర్గం చెరువు పార్కులో బెంచీ మీద కూర్చున్నాడు. ఎండలు ముదిరాక మాదాపూర్‌లో ఒక మాల్‌లో. కొన్ని రోజులు మెట్రోలోనే ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. కంపెనీ ఇచ్చిన రెండు నెలల జీతం అయిపోయాక క్రెడిట్ కార్డు, తర్వాత ఫోన్‌లో లోన్ యాప్‌లు, ఆ తర్వాత చెల్లెమ్మ బీరువాలోని రెండు గాజులు, ఒక గొలుసు తాకట్టుకు వెళ్ళాయి. మొత్తం అప్పు మూడు లక్షల నలభై వేలు.

విషయం బయటపడింది బాబు జ్వరంతో. స్కూలు నుంచి ఫోన్ వచ్చింది, తమ్ముడి ఫోన్ స్విచాఫ్. చెల్లెమ్మ ఎప్పుడో రాసిపెట్టుకున్న ఆఫీసు నంబరుకు చేసింది. అవతలి అమ్మాయి కాసేపు వెతికి, ఆయన ఇక్కడ పనిచేయడం లేదు మేడమ్ అంది. ఆ రాత్రి చెల్లెమ్మ అరవలేదు. బ్యాగులోంచి ఖాళీ బాక్సు తీసి కడుగుతూ, “రోజూ ఎక్కడ తిన్నావు?” అని మాత్రం అడిగిందట. రెండు రోజుల తర్వాత నా దగ్గరికి తీసుకొచ్చింది.

నిద్ర లేదు. ఆరు కిలోలు తగ్గాడు. పిల్లలు దగ్గరికొస్తే విసుక్కుంటున్నాడు. ఆదివారం చర్చికి మాత్రం మానలేదు, క్వయర్‌లో కూడా పాడుతున్నాడు. చెల్లెమ్మ ఇంకొక మాట చెప్పింది: నెలనెలా మొదటి ఆదివారం, ప్రభు భోజనం ఇచ్చే రోజు, అతనికి కడుపునొప్పి వస్తుందని. రెండేళ్ళుగా ఇలాగే ఉందట. రెండేళ్ళు అన్న మాటను నేను నోట్స్‌లో రాసుకున్నాను, కానీ దాని మీద ఆగలేదు. ఉద్యోగం పోయి అయిదు నెలలే అయింది కదా, మరి రెండేళ్ళ కిందటి నుంచి ఎందుకు అని అప్పుడే అడిగి ఉండాల్సింది.

చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడిగాను. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొత్తవాళ్ళు భయపడతారు. అలా జరగదు, అడగకపోవడమే ప్రమాదం. “పడుకుని లేవకపోతే బాగుండునని రోజూ అనిపిస్తది అన్నా” అన్నాడు. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన ఏదీ లేదు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 17 వచ్చింది. 15 నుంచి 19 మధ్య ఉంటే మోస్తరు స్థాయి దాటిన డిప్రెషన్ కింద లెక్క. ఆ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. అర్ధరాత్రి అవసరమైతే చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేయించాను.

సైకియాట్రిస్టు అనగానే అతని ముఖం మాడిపోయింది. “ఎర్రగడ్డకి పంపుతున్నావా అన్నా?” అక్కడ ఉన్నది మానసిక వైద్యశాల. హైదరాబాద్‌లో పెరిగిన ఎవరికైనా ఆ మాట ఎంత బరువో తెలుసు. పైగా క్వయర్‌లో ఒకరు, మందులు మింగితే విశ్వాసం లేనట్టే బ్రదర్ అని అప్పటికే చెప్పి ఉన్నారు. నేను ఏలీయా గురించి చెప్పాను. బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్న ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. లేచి భోజనం చేయమన్నాడు, నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుని స్వరం వినిపించింది ఆ తర్వాతే. మందులు మొదలుపెట్టి మూడు వారాలు దాటాక నిద్ర కొంచెం కుదురుకుంది. నిద్ర కుదిరాకే మాటలు లోతుకు వెళ్ళాయి.

నేను చేసిన తప్పు

రెండో సెషన్‌లో తమ్ముడు ఒక మాటన్నాడు: “ఆ కార్డు లేకుండా నేనెవరినో నాకు తెలుస్తలేదన్నా.” ఇలాంటి మాట వినగానే మన నోటికి వచ్చే వాక్యం ఒకటుంది. ‘కాగా ఎవడైనను క్రీస్తునందున్నయెడల వాడు నూతన సృష్టి, పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను.’ నాకూ అదే వచ్చింది. అంతటితో ఆగకుండా, క్రీస్తులో నేనెవరిని అనే నలభై వాక్యాల పట్టిక ఇచ్చాను. నేను దేవుని బిడ్డను, నేను క్షమాపణ పొందినవాణ్ణి, నేను భయపడే ఆత్మ పొందినవాణ్ణి కాను. రోజూ పొద్దున అద్దం ముందు చదువుకోమన్నాను.

రెండు వారాల తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. నలభై వాక్యాలూ ఎక్సెల్ షీటులో ఎక్కించాడు. టెస్టర్ కదా, తేదీలవారీగా ప్రతి వాక్యం ఎదురుగా పాస్, ఫెయిల్ అని పెట్టాడు. ఆ రోజు ఆ వాక్యాన్ని మనసారా నమ్మగలిగితే పాస్. నలభైలో ముప్ఫై ఒకటి ఎర్రగా ఉన్నాయి. “ఇందులో కూడా ఫెయిలయ్యానన్నా” అన్నాడు.

ఆ షీటు చూశాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. అతన్ని ఒక కంపెనీ అప్రైజల్ నుంచి తీసుకొచ్చి ఇంకొక అప్రైజల్‌లో కూర్చోబెట్టాను. ఇంకా నొప్పి కలిగించే సంగతి ఏమిటంటే, ‘పాతవి గతించెను’ అన్న మాటను అతను ‘పాతవి దాచెయ్యి’ అని విన్నాడు. అయిదు నెలలుగా చేస్తున్నది అదే. వాక్యం సత్యమే, దాన్ని నేను చేతికిచ్చిన తీరు, ఇచ్చిన వేళ తప్పు. అబద్ధాన్ని కప్పుకోవడానికి అతనికి ఇంకాస్త పవిత్రమైన గుడ్డ ఇచ్చినట్టయింది.

ఆ మాట రాసిన పౌలు తన పాతను దాచాడా అని ఇంటికెళ్ళి వెతుక్కున్నాను. దాచలేదు. అదే కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, దేవుని సంఘాన్ని హింసించినందున అపొస్తలుడనని అనిపించుకోవడానికి తగను అని ముందు చెప్పి, ఆ వెంటనే ‘అయినను నేనేమై యున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను’ అంటాడు. చేసిన పనిని పేరు పెట్టి చెప్పాకే కృప అన్న మాట వస్తుంది. తర్వాతి సెషన్‌లో తమ్ముడికి క్షమాపణ చెప్పి, ఆ షీటు డిలీట్ చేయమన్నాను. అతను వెంటనే చేయలేదు. ఇంకో వారం తర్వాత, నా ముందే చేశాడు.

యాకోబు దగ్గర ఆగడం

తర్వాత నాలుగు సెషన్లు ఒకే కథతో గడిపాం. ఆదికాండం 32వ అధ్యాయం, యబ్బోకు రేవు దగ్గర యాకోబు రాత్రంతా పెనుగులాడే ఘట్టం. నేను వివరించడం తగ్గించి అతనితోనే చదివించాను.

నన్ను దీవిస్తే తప్ప నిన్ను పోనివ్వను అని యాకోబు పట్టుబడితే, ఎదుటి వ్యక్తి వెంటనే దీవించడు. “నీ పేరేమి?” అని అడుగుతాడు. ఇదే రకం ప్రశ్న యాకోబు ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి విన్నాడు. చూపు పోయిన తండ్రి, కుమారుడా నువ్వెవరివి అని అడిగాడు. అప్పుడు యాకోబు, నేను ఏశావును, నీ పెద్దకొడుకును అన్నాడు. దీవెన కోసం వేరే పేరు చెప్పాడు, అన్న బట్టలు తొడుక్కున్నాడు, చేతులకు మేకపిల్లల చర్మం కప్పుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ దీవెన కావాలి, మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి ‘యాకోబు’ అని చెప్పాడు. ఏశావు ఒకసారి ఏడుస్తూ, వాడికి యాకోబు అన్న పేరు సరిగ్గానే పెట్టారు, నన్ను రెండుసార్లు మోసగించాడు అన్నాడు కదా. అంటే ఆ పేరు చెప్పడం అంటే తన చరిత్ర అంతా ఒప్పుకోవడమే. ఇశ్రాయేలు అన్న పేరు వచ్చింది ఆ తర్వాతే.

ఇక్కడికి వచ్చేసరికి తమ్ముడు మెడలోని పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. “ఇది మేకపిల్ల తోలే కదన్నా” అన్నాడు. నేను ఏమీ అనలేదు.

ఆ రోజు నేను అడిగింది ఒక్కటే. నిన్ను ఎవరైనా నీ పేరేమిటని అడిగితే, దాచకుండా చెప్పాల్సి వస్తే, ఏం చెప్తావు? దాదాపు ఇరవై నిమిషాలు మాట రాలేదు. కౌన్సెలర్లకు ఇక్కడ ఒక విన్నపం. ఆ ఇరవై నిమిషాలను ప్రార్థనతో నింపేయకండి. నేను నింపబోయి ఆపుకున్నాను. చివరికి చెప్పాడు. ఉద్యోగం సంగతీ అప్పుల సంగతీ నాకు తెలిసినవే. తెలియనిది ఒకటి బయటికొచ్చింది.

రెండేళ్ళ కిందట ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో మతం మార్చుకున్నవాళ్ళ మీద, వాళ్ళ కులం మీద, బియ్యం బస్తాల కోసం మారారని ఒక జోకు వేశారు. టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. “నేను కూడా నవ్వినన్నా. అందరికంటే కొంచెం గట్టిగనే నవ్విన. ఆ రోజు కోడి ఒక్కటే కూయలేదు.”

యేసును ఎరగనని పేతురు మూడుసార్లు బొంకాక కోడి కూసిన సంగతి అతను గుర్తుచేస్తున్నాడు. ప్రభు భోజనం రోజు కడుపునొప్పి ఎప్పుడు మొదలైందో అప్పుడు నాకు అర్థమైంది. నేను ఉద్యోగం పోవడాన్నే గాయం అనుకుంటూ వచ్చాను. అంతకు ముందే వేరే గాయం ఉంది. ఉద్యోగం దాన్ని కప్పి ఉంచింది, ఉద్యోగం పోయేసరికి అది బయటపడింది.

రెండు పేర్లు

తమ్ముడికి రెండు పేర్లు. బాప్తిస్మపు రిజిస్టరులో ఒకటి, టెన్త్ మెమోలో ఇంకొకటి. మొదటిది బైబిల్లోది. రెండోది వింటే మతం గానీ కులం గానీ ఎవరికీ తెలియదు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇది ఎంత మామూలో బయటివాళ్ళకు అంతగా తెలియదు. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు.

దీని వెనకాల చట్టం కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా మతాన్ని కులంతో ముడిపెట్టింది. హిందూ మతం కాకుండా వేరే మతంలో ఉన్నవాళ్ళు ఎస్సీ కిందకు రారంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్. ఈ ప్రశ్న మీద 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ కూడా వేసింది. తమ్ముడి కుటుంబానిది బీసీ-సీ సర్టిఫికెట్టే, కాగితాల్లో దాచింది ఏమీ లేదు. అయినా ఊళ్ళో గ్లాసు వేరు, నగరంలో అద్దె ఇంటికి వెళ్తే ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న వేరు. చట్టం సంగతి కౌన్సెలింగ్ గదిలో తేలేది కాదు, కానీ ఆ గదిలోకి రాకుండా కూడా ఉండదు. రెండు పేర్లున్న కుటుంబాన్ని చూసి విశ్వాసం తక్కువ అని తీర్పు చెప్పే పాస్టర్లను నేను చూశాను. అలా చెప్పేముందు ఆ ఇంటి ముసలివాళ్ళతో ఒక పూట కూర్చుని వినాలి.

తమ్ముడికి మాత్రం ఆ రెండో పేరు మీద అసహ్యం పుట్టింది. గెజిట్‌లో పేరు మార్పించుకుంటా, సర్టిఫికెట్లన్నీ మార్పిస్తా, సౌలు పౌలు అయినట్టు నేనూ కొత్త పేరుతో మొదలుపెడతా అన్నాడు. ఆవేశం చూసి భయమేసింది. మళ్ళీ ఒక పేరును పాతిపెట్టి ఇంకొక పేరు వెనకాల నిలబడే ప్రయత్నమే ఇదీ.

సౌలు మారుమనస్సు పొందగానే పౌలు అయ్యాడని మనం ప్రసంగాల్లో వింటూ పెరిగాం. అపొస్తలుల కార్యాలు తెరిచి ఇద్దరం చూశాం. దమస్కు దారిలో వెలుగు కనబడింది 9వ అధ్యాయంలో. ఆ తర్వాత కూడా అతన్ని సౌలు అనే పిలుస్తారు. 13వ అధ్యాయంలో, కుప్ర ద్వీపంలో, ‘పౌలు అనబడిన సౌలు’ అని మొదటిసారి వస్తుంది. యూదుడు, పుట్టుకతో రోమా పౌరుడు. ఇంటి పేరు ఒకటి, బయటి లోకంలో తిరగడానికి ఇంకొకటి. దేవుడు ఏ పేరునూ కొట్టేయలేదు. బయటి ప్రజల దగ్గరికి పంపినప్పుడు బయటి పేరే పనికొచ్చింది.

అదే 9వ అధ్యాయంలో ఇంకొక చోట తమ్ముడు తనంతట తనే ఆగాడు. దమస్కులోని శిష్యుడు అననీయ సౌలు ఉన్న ఇంట్లోకి వెళ్ళి, చూపులేక కూర్చున్న మనిషి మీద చేతులుంచి అన్న మొదటి మాటలు: “సౌలా, సహోదరుడా.” దమస్కులోని విశ్వాసులకు సౌలు అన్న పేరు వింటేనే వణుకు. ఆ పేరును అననీయ మార్చలేదు. దాని పక్కన ‘సహోదరుడా’ అని చేర్చాడు. తమ్ముడు ఆ రెండు మాటలను మూడుసార్లు పైకి చదివాడు. మూడోసారి సౌలు పేరు తీసేసి తన టెన్త్ మెమో పేరు పెట్టి చదివాడు. ఆ పేరుతో ఎవరైనా చర్చిలో తనని పిలవడం అతను ఎప్పుడూ వినలేదు.

కొత్త గుర్తింపు అంటే ఏమిటని నన్ను ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ఆ రెండు మాటలే చూపిస్తాను. దేవుడు మన జీవితంలోంచి పాత మనిషిని చెరిపేసి ఖాళీ కాగితం ఇవ్వడు. మనం దాచుకున్న పేరుతోనే పిలిచి, ఆ పేరు గలవాణ్ణే తన ఇంటివాడిగా లెక్కేస్తాడు. యాకోబు సంగతి కూడా అంతే. ఇశ్రాయేలు అయ్యాక ఎన్నో ఏళ్ళకు, ఐగుప్తుకు వెళ్ళబోయే ముందు రాత్రి దేవుడు అతన్ని ‘యాకోబూ, యాకోబూ’ అనే పిలిచాడు.

నాన్న

చెల్లెమ్మకు అప్పుల లెక్క మొత్తం కాగితం మీద రాసి ఇవ్వడం ఆరో వారంలో జరిగింది. దాని గురించి ఎక్కువ రాయను, అది వాళ్ళిద్దరిది. ఆమె కోపం మొదటిసారి అప్పుడు బయటికొచ్చింది, రావాల్సిందే. గొలుసు ఆమె తల్లిది.

తండ్రికి చెప్పడం అంతకంటే కష్టమైంది. ఆయన రిటైరైన స్కూలు టీచరు. మావాడు హైటెక్ సిటీలో అని ఊరంతా చెప్పుకునే మనిషి. ఆ ఇంట్లో ఒక కథ తరాలుగా నడుస్తోంది. మెదక్ చర్చి కట్టేటప్పుడు తమ్ముడి ముత్తాత రాళ్ళు మోశాడు. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర జనానికి పని చూపించి తిండి పెట్టాడని, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ జరిగితే ముత్తాత ఆ గుంపులో నిలబడ్డాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాళ్ళు మోసినవాడి మనవడు టీచరు, టీచరు కొడుకు సాఫ్ట్‌వేర్. ఆ మెట్టు మీద నుంచి తను పడిపోయానని చెప్పాలి.

చెల్లెమ్మను, పిల్లలను తీసుకుని వెళ్ళాడు. నేను వెళ్ళలేదు, తర్వాత విన్నదే రాస్తున్నాను. ఉద్యోగం సంగతి విని తండ్రి ఎక్కువ మాట్లాడలేదు. అన్నం తిన్నాక, అరుగు మీద కూర్చున్నప్పుడు తమ్ముడు క్యాంటీన్ సంగతి కూడా చెప్పేశాడు. అప్పుడు తండ్రి తన కథ చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరి హోటల్లో ఆయనకు వేరే గ్లాసు ఉండేది. తాగి కడిగి పెట్టాలి. కొడుకును బడిలో వేసే రోజు రిజిస్టరు ముందు నిలబడి, బాప్తిస్మపు పేరు చెప్పబోయి ఆగి, అక్కడికక్కడే వేరే పేరు రాయించాడు. “గా పేరు నీకు గొడుగు అనుకొని పెట్టిన బిడ్డా. నా గ్లాసు నీకు రావొద్దని.”

ఇది చెబుతూ తమ్ముడు నా ముందు ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా సిగ్గుగా మోసిన పేరు తండ్రి ప్రేమతో పెట్టిన పేరని అతనికి అంతవరకు తెలియదు. గెజిట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సెషన్ చివర నేను ఒకటి అడిగాను. చర్చిలో నీకు మొదటి పేరు పెట్టినప్పుడు నీకెన్ని నెలలు? మూడు నెలలు అన్నాడు. అప్పటికి నువ్వేం సాధించావు? కాసేపాగి, “మెడ కూడా నిలబడలేదన్నా” అన్నాడు. ఎక్సెల్ షీటులో పాస్ కాని వాక్యాలన్నీ ఆ ఒక్క జవాబులో ఉన్నాయనిపించింది నాకు.

సంఘం

మా దగ్గరికి వచ్చే చాలా కేసుల్లో సంఘమే సగం మందు, సగం జబ్బు కూడా. తమ్ముడి విషయంలో రెండూ చూశాను.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పెద్దలు అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. కానీ మన సాక్ష్యాలకు ఒక అచ్చు తయారైపోయింది. పోయింది, ప్రార్థించాను, రెట్టింపు వచ్చింది. అప్పటికి అతనికి ఉద్యోగం రాలేదు. అచ్చులో పట్టడానికి ఏదో ఒకటి పెంచి చెప్పాల్సి వస్తుంది, లేదా ఏడ్చి సరిపెట్టాలి. ఇప్పుడు వద్దని నేను గట్టిగానే చెప్పాను. ఇది చదివే పెద్దలను కూడా వేడుకుంటున్నాను. గాయం మానకముందే మనిషిని మైకు ముందుకు తోయకండి. మైకు ముందు చెప్పిన కథను అతను జీవితాంతం కాపాడుకుంటూ బతకాల్సి వస్తుంది. అదీ ఇంకొక ట్యాగే.

మైకు బదులు శుక్రవారం గృహ ప్రార్థనలో చెప్పాడు. నాలుగు కుటుంబాలు, చాప మీద. చెప్పడం అయ్యాక గది నిశ్శబ్దంగా ఉందట. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మెల్లిగా అన్నాడు: “నేను రిటైరైనంక ఆరు నెలలు మా ఆవిడతోటి యూనిఫాం ఉతికించుకొని తొడుక్కున్న. ఎవ్వరికీ చెప్పలే.” ఆ రాత్రి తమ్ముడికి నా నలభై వాక్యాలకంటే ఆ యూనిఫాం ఎక్కువ సాయం చేసింది.

తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభు భోజనపు బల్ల దగ్గరికి వెళ్ళాడు. రెండేళ్ళ తర్వాత. మోకరించాలంటే భుజానికున్న బ్యాగు అడ్డమొచ్చింది, కింద పెట్టాడు. ఆదివారం కూడా ఆ బ్యాగు మోసుకుని తిరుగుతున్నానని తనకు అప్పుడే తెలిసిందట. ఒక పక్కన చర్చి ఊడ్చే అక్క, ఇంకో పక్కన ఎవరో బ్యాంకు మేనేజరు. అయ్యగారు వరసగా అందరి చేతుల్లో ఒకే రొట్టె ముక్కలు పెట్టుకుంటూ వచ్చారు. ఇంటికెళ్ళాక కడుపునొప్పి రాలేదని చెల్లెమ్మ నాకు మెసేజ్ పెట్టింది.

ఇప్పటి స్థితి

మొత్తం ఇరవై రెండు సెషన్లు, పది నెలలు. మొదట వారానికొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి, ఇప్పుడు నెలకొకటి. పీహెచ్‌క్యూ-9 చివరిసారి 6 వచ్చింది. మందుల మోతాదును డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తున్నారు, సొంతంగా ఆపొద్దని నేను ప్రతిసారీ గుర్తుచేస్తున్నాను.

ఎనిమిదో నెలలో పోచారం వైపు ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. పాత జీతంలో మూడింట రెండు వంతులు. దీన్ని నేను ఈ కేసు ఫలితంగా లెక్కపెట్టడం లేదు. ఉద్యోగం రాకపోయినా అతను బల్ల దగ్గరికి వచ్చేవాడు, అంతకు ముందు నెలే వచ్చాడు కూడా. చేరిన మొదటి వారం క్యాంటీన్‌లో, ఆదివారం ఏం చేస్తారని ఎవరో అడిగితే, చర్చికి వెళ్తా, క్వయర్‌లో పాడతా అని చెప్పాడు. ఎదుటివాడు ఓహో అని సాంబారు వడ్డించుకున్నాడు. అంతే జరిగింది. ఆ ఒక్క జవాబు చెప్పడానికి గుండె ఎంత కొట్టుకుందో అతను నాకు పది నిమిషాలు చెప్పాడు.

అన్నీ సర్దుకోలేదు. సాయంత్రం అరగంట ఆలస్యమైతే చెల్లెమ్మ ఇప్పటికీ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేస్తుంది. మొదట్లో అతనికి కోపం వచ్చేది. ఇప్పుడు తనే ముందు ఫోన్ చేస్తున్నాడు. నమ్మకం తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందని ఆమె నన్ను అడిగింది. నేను ఏ గడువూ చెప్పలేదు. తప్పు క్షమించడం వేరు, మళ్ళీ నమ్మడం వేరు, రెండోదాని కోసం తొందరపడాల్సిన పని లేదని చెప్పాను. ఆమెకు విడిగా రెండు సెషన్లు జరిగాయి, ఇంకా కావాలి.

లోన్ యాప్‌ల బాకీ తీరింది. గాజులు రెండూ గత నెల విడిపించి తెచ్చారు. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. తర్వాతి సెషన్ వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం, ఇద్దరూ కలిసి.